ఆరు కొమ్ముల యంత్రం

ఆ ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు, ఇంటిని ఆనుకుని ఉన్న మా మామ పొలంలో హాజరైనవి, హాజరైనవాళ్ళు ఈ విధంగా ఉన్నారు. కోత అయిపోయిన మూడెకరాల రాగిచేను ఒకటి. అందులో పీపాల్లా గుండ్రంగా చుట్టి, పురికొసతో బిగించిన రాగిగడ్డి కట్టలు నూట ఎనభై ఆరు. మోకాలికి పట్టీ వేసుకుని మంచం మీద కూర్చున్న మామ. పదిమందికి సరిపడా సంగటి కెలికి, గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చిన అత్త. ఒక ట్రాక్టరు, దాన్ని నడిపే మునిరాజు. ఆ ట్రాక్టరు వెనకాల, ప్రపంచంలో మరెక్కడా లేని, ఉండాల్సిన అవసరమూ లేని ఒక ఇనుప యంత్రం. దాన్ని గీసి, చేయించి, పసుపుపచ్చ రంగు కూడా వేయించి తెచ్చిన ఇరవై ఆరేళ్ళ మెకానికల్ ఇంజనీరు ఒకడు. తూర్పు దిక్కున అరచెయ్యంత మబ్బు.

హాజరు కావలసి ఉండి రానివాళ్ళు ఎనిమిదిమంది. వాళ్ళను రావద్దన్నది కూడా ఆ ఇంజనీరే.

ఆ ఇంజనీరు నేనే. ఇప్పుడు మూడేళ్ళు గడిచాయి కాబట్టి చెప్పగలుగుతున్నాను. అప్పుడైతే ఎవరైనా 'గడ్డి' అంటే చాలు, నేను లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ముందే చెబుతున్నాను, ఈ కథలో నాకు ఎక్కడా మర్యాద దక్కదు. దక్కుతుందేమోనని చివరిదాకా ఎదురు చూడకండి.

మా మేనమామ నారాయణప్పది ఆనేకల్ దాటాక తమిళనాడు సరిహద్దుకు దగ్గరలో చిన్న పల్లె. ఇంట్లో ఐదు ఆవులు. వాటి పెత్తనమంతా మా అత్తది. వర్షాలు పడి పచ్చిగడ్డి మొలిచేదాకా, అంటే సుమారు ఆరు నెలలు, ఆ ఐదింటి కడుపూ నిండేది రాగిగడ్డితోనే. ఆ గడ్డి కొట్టంలోకి చేరేలోపు తడిసిందా, లోపల వేడెక్కి, నల్లబడి, బూజు పడుతుంది. ఆవు మూతి కూడా పెట్టదు. అప్పుడు గడ్డి కొనాలి, లేకపోతే ఆవును అమ్మాలి. కొనే స్తోమత ఆ ఏడాది లేదు, మామ మోకాలి ఆపరేషను మింగేసింది. అందుకని గడ్డి మోత పని కాస్త చూసుకొమ్మని నాకు ఫోను చేశాడు. నేనప్పుడు బొమ్మనహళ్ళిలో ఒక గదిలో ఉంటూ, ఒక కంపెనీలో యంత్రభాగాల డిజైను చేసేవాణ్ణి.

"ఏమప్పా ఇంజనీరూ, గడ్డి తోలేదానికి ఏ బండి మేలో రవంత చూడప్పా. మునిరాజు ట్రాలీ ఉండాది, ఆనేకల్లో టెంపోలు ఉండాయి. ఏదో ఒకటి మాట్లాడు, సాలు."

గమనించండి. ఆయన అడిగింది రెండిట్లో ఒకటి. ఇదో అదో చెప్పే పని. నేనేమన్నానంటే, "మామా, అట్లా గుడ్డిగా సెలెక్ట్ చెయ్యకూడదు. లోడ్, దూరం, టర్నింగ్ రేడియస్, అన్నీ అనలైజ్ చేసి చెప్తాను. రెండు వారాలు టైమివ్వు."

"రెండు వారాలా! మీ అత్తను చూసి ఒప్పుకునేదానికి నాకు అర్ధగంట పట్టినాదప్పా!"

వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "ఆ అర్ధగంటలో నన్ను ఎవరన్నా అడిగినారా?"

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. నగర్తపేట బజారుకు వెళ్ళి ఒక స్ప్రింగు త్రాసు కొన్నాను. మామ చేలో గడ్డి చుట్టబోయే బేలర్ యంత్రమే అప్పుడు వేరే ఊళ్ళో కట్టలు కడుతోందని తెలిసి, సెలవు పెట్టి వెళ్ళి, పదకొండు కట్టలు తూచాను. సగటు బరువు పంతొమ్మిది కిలోల రెండువందల గ్రాములు. పొడవు తొంభై సెంటీమీటర్లు, అడ్డం అరవై. ఆ రైతు నన్ను చూసి, నేను ప్రభుత్వం తరఫున వచ్చాననుకుని తన బోరుబావి గురించి అరగంట ఫిర్యాదు చేశాడు. అది కూడా రాసుకున్నాను.

తర్వాత ఎక్సెల్ తెరిచాను. కాలకూట విషం సముద్రంలోంచి పుట్టిందంటారు, నాకు ఎప్పుడూ ఎక్సెల్లోంచే పుట్టింది. మనుషుల తలమీద మోయడం, మునిరాజు ట్రాలీ, ఆనేకల్ టెంపో, నా సొంత డిజైను అని నాలుగు మార్గాలు రాసి, పన్నెండు కొలమానాల మీద మార్కులు వేశాను. ఏ కొలమానానికి ఎంత విలువో నిర్ణయించింది నేనే. మార్కులు వేసిందీ నేనే. నా సొంత డిజైనుకు నూటికి తొంభై ఒకటి వచ్చాయి. తలమీద మోతకు పద్దెనిమిది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడట ఒకడు. నేను పట్టకుండానే, గీసిన కుందేలుకే ఆరు కొమ్ములు పెట్టాను.

అవును, ఆరు కొమ్ములు. ట్రాక్టరు వెనక నాగలి తగిలించే చోట ఒక ఇనుప చట్రం. దానికి పైన మూడు, కింద మూడు, మొన దేలిన పొడుగాటి కడ్డీలు. ట్రాక్టరు వెనక్కి వస్తే కడ్డీలు ఆరు కట్టల్లోకి ఒకేసారి దిగుతాయి. లిఫ్టు ఎత్తితే ఆరూ లేస్తాయి. కొట్టం దాకా పోతే ఆరూ దిగుతాయి. ట్రిప్పుకు నాలుగు నిమిషాలు, మొత్తం ముప్పై ఒక్క ట్రిప్పులు, రెండు గంటల నాలుగు నిమిషాల్లో పని పూర్తి. చాయ్‌కి విరామం కూడా కలపలేదు, అంత నమ్మకం.

కంప్యూటర్లో దీన్నంతా నడిపించి చూశాను కూడా. ఒక కట్ట గీశాను. దాన్ని నూట ఎనభై ఐదుసార్లు కాపీ కొట్టాను. కింద మూడు, వాటిమీద మూడు చొప్పున, బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లాగా, అన్నీ ఒకే వైపు చూస్తూ నిలబడ్డాయి. ఎంత ముచ్చటగా ఉందో! అయ్యా, నా తల ఎక్కడన్నా గోడకేసి కొట్టుకోవాలంటే ఆ వాక్యం దగ్గరే కొట్టుకోవాలి. చేలో అలా ఎవరు నిలబెడతారన్న ప్రశ్న నాకు రాలేదు. అది జిగణిలో వెల్డింగు షాపు నడిపే సలీం భాయ్‌కి ఒక్క నిమిషంలో వచ్చింది.

సలీం భాయ్ డ్రాయింగు కాగితాన్ని నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు.

"ఏం సార్ ఇది? కబాబ్ కాల్చేదానికా? ఇంత పెద్దదా? యాడన్నా పెండ్లి ఉండాదా?"

"గడ్డికట్టలు మోసేదానికి భాయ్. ఒక్కసారికి ఆరు."

"ఓహో. మరి కింద మూడు, మీద మూడు ఎవరు సార్ పేర్చేది?"

"అది సైట్ కండిషన్ భాయ్. మన స్కోపులో రాదు."

సలీం భాయ్ మళ్ళీ డ్రాయింగులోకి తలవంచాడు. ముప్పై ఏళ్ళుగా ఇంజనీర్లను చూస్తున్న మనిషి. ట్రాక్టరుకు తగిలించే చోట మాత్రం ఒకసారి ఆగాడు. "ఇక్కడ పిన్ను పెడతాను సార్. చేత్తో పీకితే ఊడొస్తాది."

"ఊడి రాకూడదు భాయ్, సేఫ్టీ ముఖ్యం. బోల్టు, దానిమీద లాక్ నట్టు. పెద్ద పానా పెట్టి బిగించండి."

"బిగిస్తే మళ్ళీ తీయాలంటే ఇక్కడికే రావాల సార్."

"తీసే పనేముంటుంది?" అన్నాను నేను, చిరునవ్వుతో. ఆ చిరునవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నామీదే చెయ్యి లేస్తుంది. మునిరాజు శుక్రవారమే ట్రాక్టరు జిగణికి తెచ్చాడు, బిగించేశారు, తీసుకుపోయాడు.

ఇక అసలు ఘనకార్యం. దీన్ని చెప్పాలంటే ముయ్యి అంటే ఏమిటో చెప్పాలి. ఆ ప్రాంతంలో గడ్డి మోత, రాగి కోత లాంటి పెద్ద పనులకు కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టుకోవడం తక్కువ. ఈ రోజు నీ చేలో నేను పనిచేస్తే, రేపు నా చేలో నువ్వు చేస్తావు. మనిషికి మనిషి, రోజుకు రోజు. దాన్నే ముయ్యి అంటారు. మా మామ వాళ్ళ ముయ్యిలో ఎనిమిది ఇళ్ళు. వాళ్ళకు పెద్ద లక్ష్మక్క, అరవై దగ్గర పడ్డ మనిషి, ఎనిమిది ఇళ్ళనూ కనుచూపుతో నడిపించే మనిషి. మామ వాళ్ళందరికీ ఆ ఆదివారం చెప్పి పెట్టాడు, ట్రాలీలోకి కట్టలు ఎత్తడానికి.

నా ఎక్సెల్లో 'మనుషుల అవసరం' అన్న గడిలో సున్నా వచ్చింది. సున్నా వచ్చిందంటే సున్నానే కదా. ముయ్యివాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, మామ నన్ను అందులో చేర్చాడు. శనివారం ఉదయం అందులో ఇలా పెట్టాను.

"అందరికీ నమస్కారం. 1. రేపటి గడ్డి మోత యంత్రంతో జరుగును. 2. కావున ముయ్యి రద్దు. 3. మనుషుల అవసరం లేదు. ధన్యవాదాలు."

ఎవరూ జవాబివ్వలేదు. అందరూ సంతోషించి ఉంటారని అనుకున్నాను. ముయ్యి రద్దు అంటే 'ఇకమీదట మీ చేలోకి నేనూ రాను' అని అర్థమని, అది వాళ్ళ పల్లెలో ఇంటిముందు నిలబడి తిట్టడం కన్నా పెద్ద మాటని నాకు ఎవరు చెప్పాలి? ఎవరైనా చెబుతారేమోనని నేను అడగనే లేదు.

ఆదివారం పొద్దున అత్త అడిగింది. "లక్ష్మక్క వాళ్ళు ఇంకా రాలేదేమి? సంగటి సల్లారిపోతాండాది."

"నేనే వద్దన్నాను అత్తా. యంత్రం ఉంది కదా."

అత్త గరిటె గాల్లోనే ఆగిపోయింది. మామ మంచం మీద నుంచి లేవబోయి, మోకాలు గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"ఏమని చెప్పినావప్పా?"

చెప్పాను. పాయింట్లతో సహా.

మామ నా వంక చూసి, "మూడో నంబరు కూడా పెట్టినావా?" అన్నాడు. అంతే.

ఎనిమిదీ నలభై ఐదుకు పని మొదలైంది. బేలర్ యంత్రం చేలో తిరుగుతూ, కట్ట తయారైన చోటల్లా విడిచిపెట్టి పోయింది. ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. ఒకటి ఉత్తరం చూస్తుంది, ఇంకోటి నైరుతి చూస్తుంది. నాలుగైదు కాలవలోకి దొర్లి నిద్రపోతున్నాయి. నా కంప్యూటర్లోని ప్రార్థనకు వచ్చిన పిల్లలు కాదు ఇవి, బెల్లు కొట్టాక బయటపడ్డ పిల్లలు.

"యాడ గుచ్చమంటావు సామీ?" అన్నాడు మునిరాజు సీట్లోంచి.

"ముందు ఒక్కటి ట్రై చేద్దాం. అదుగో, దాన్ని. రివర్స్ రా."

మునిరాజు వెనక్కి మెడ తిప్పి, ట్రాక్టరును వెనక్కి నడిపాడు. కడ్డీ మొన కట్టకు తగిలింది. కట్ట గుండ్రంగా ఉంది కదా, దిగబడుతుందా? నెమ్మదిగా దొర్లింది. మునిరాజు ఇంకాస్త వచ్చాడు. అది ఇంకాస్త దొర్లింది. అత్తగారిని చూసిన కొత్త కోడలిలా, ట్రాక్టరు ఎంత దగ్గరికి వస్తే అది అంత వెనక్కి జరుగుతోంది. అలా ఒక కట్ట ట్రాక్టరును ముప్పై మీటర్లు తన వెంట తిప్పుకుని, కాలవలోకి దిగి కూర్చుంది.

"దీన్ని ఇట్లే తోలుకుంటా కొట్టం దంకా పోతామా సామీ?" అన్నాడు మునిరాజు.

"వద్దు. చదునుగా ఉండే వైపు నుంచి గుచ్చాలి. డిజైన్ అదే."

"అయితే అన్నీ అటు తిప్పాల."

"తిప్పుదాం."

"తిప్పి, పక్కపక్కన మూడు పెట్టల్ల."

"పెడదాం."

"వాటిమీద ఇంక మూడు ఎత్తి పెట్టల్ల."

"అవును."

మునిరాజు ఇంజను ఆపేశాడు. "ఆరింటిని చేత్తో ఎత్తి, ఇక్కడికి మోసి, మెట్లు మాదిరి పేర్చినాక, ఈ యంత్రం వచ్చి ఏం చేస్తాది సామీ? హారతి ఇస్తాదా?"

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటారు. నాది అది కూడా కాదు. నేను గొడ్డలి తెచ్చి, ఆ గొడ్డలిని మోయడానికి గోళ్ళే వాడాల్సి వచ్చింది. నేనూ మునిరాజూ వంగి, ఒక్కో కట్టనూ ఎత్తి, మోసి, తిప్పి, మూడు పేర్చి, వాటిమీద మూడు పేర్చాం. ఆ ఆరూ సమంగా రావడానికి నేను టేపు పెట్టి దూరం కొలిచాను. మామ మంచం మీద నుంచి, "టేపు ఎందుకప్పా, పెండ్లి సంబంధమా?" అన్నాడు. తీరా చూస్తే మునిరాజు ట్రాక్టరు చదును వైపు నుంచి రావడానికి వీల్లేదు. అటు గట్టు ఉంది. కాబట్టి గుండ్రటి వైపు నుంచే గుచ్చాలి. దొర్లిపోకుండా వెనకాల ఎవరో ఒకరు ఆనుకుని నిలబడాలి.

నిలబడింది ఎవరో చెప్పనక్కర్లేదు. నేను ఆరు కట్టలకూ వీపు ఆనించి, కాళ్ళు నేలలోకి తన్ని నిలబడ్డాను. వెనకాల ఇంజను గురగుర. నేను సొంతంగా గీసి, సొంతంగా మొన దేల్పించిన ఆరు కడ్డీలు నా వీపు వైపే వస్తున్నాయి. కడ్డీ పొడవు డెబ్బై ఐదు సెంటీమీటర్లు. కట్ట అడ్డం అరవై. ఈ రెండు అంకెల మధ్య తేడా నాకు ఆ క్షణాన గుర్తుకు వచ్చింది.

"ఆపు! ఆపు! ఆపూ!"

అత్త గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "ఒరే మునిరాజూ, వాణ్ణి కూడా గుచ్చేసినావంటే వాళ్ళమ్మకు నేను ఏమని చెప్పల్ల?"

నేను పక్కకు దూకాను. కడ్డీల మొనలు కట్టల్లోంచి పదిహేనేసి సెంటీమీటర్లు బయటికి పొడుచుకు వచ్చాయి. లిఫ్టు ఎత్తితే, నిజంగానే ఆరు కట్టలూ లేచాయి. నేను చప్పట్లు కొట్టాను. ఇంకెవరూ కొట్టలేదు.

కొట్టం ముందు కొత్త చిక్కు. గుచ్చుకున్నవి ఊడవు. పట్టు గురించి నేను రెండు పేజీల లెక్క రాశాను, విడుపు గురించి ఒక్క లైను రాయలేదు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని లాగితే, కడ్డీకి చిక్కుకున్న పురికొస తెగింది. కట్ట పెద్దగా నిట్టూర్చి, పగిలి, గడ్డిగా మారి మా మీద పడింది. అలా ఒకటి తర్వాత ఒకటి ఆరూ. కొట్టం వాకిట్లో గడ్డికుప్ప, దాని మధ్యలో నేను.

"బేలర్‌వాడు కష్టపడి కట్టినాడు. నువ్వు ఇప్పినావు. లెక్క సరిపాయ," అంది అత్త.

రెండో ట్రిప్పులో ఆరు తెచ్చాం. ఈసారి ఊడనే లేదు. పగలనూ లేదు. అలాగే కొమ్ములకు తగులుకుని, ముళ్ళకంపలో ఇరుక్కున్న గొర్రెల్లా నా వైపు చూస్తూ ఉండిపోయాయి. టైము చూస్తే పదకొండూ ఇరవై ఐదు. నేను అక్కడే ఫోన్లో లెక్క వేశాను. ట్రిప్పుకు గంటా ఇరవై నిమిషాలు. ముప్పై ఒక్క ట్రిప్పులకు నలభై ఒక్క గంటల ఇరవై నిమిషాలు.

తలెత్తి చూస్తే, అరచెయ్యంత మబ్బు దుప్పటంత అయింది. చెన్నై వైపు వాయుగుండం ఉందని, సాయంత్రానికి ఇటు వాన అని మామ ఫోన్లో వార్తలు చెబుతున్నాయి. నా ఎక్సెల్లో వానకు గడి లేదు.

అత్త వచ్చి నా పక్కన నిలబడింది. ఈసారి గరిటె లేదు. ఎకసెక్కమూ లేదు. "ఇది తడిసిపాయె అంటే చుక్కిని అమ్మల్ల అప్పా. ఐదింటికి మేత చాలదు. అది రెండో ఈత, చేతికి అలవాటైన ఆవు." అంత మెల్లగా అత్త మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"ట్రాలీ తగిలించు మునిరాజూ, మనిద్దరమే ఎత్తుదాం," అన్నాను.

"తగిలిస్తాను. ముందు నీ కొమ్ములు ఊడబెరుకు సామీ. బోల్టు, దానిమీద లాక్ నట్టు. పానా జిగణిలో ఉండాది."

తీసే పనేముంటుందని చిరునవ్వు నవ్వినవాణ్ణి ఎవరైనా నాకు అప్పగించండి, మాట్లాడాలి.

ఇక ఒక్కటే దారి. లక్ష్మక్క ఇంటికి నడిచాను. ఆమె వసారాలో ఎనిమిది ఇళ్ళవాళ్ళూ చేరి అనపకాయలు ఒలుస్తున్నారు. మధ్యలో గింజలు గుట్టగా పోసి ఉన్నాయి. నన్ను చూసి ఎవరూ లేవలేదు. చేతులు ఆగలేదు.

"రా అప్పా ఇంజనీరూ," అంది లక్ష్మక్క. "మనుషుల అవసరం లేదంటివి కదా. మేము మనుషులం. ఏం పనిమీద వచ్చినావు?"

"తప్పయిపోయింది లక్ష్మక్కా."

"ఎన్నో నంబరు తప్పు? మూడు పెట్టినావు గదా."

పక్కనున్నామె కిసుక్కున నవ్వింది. నేను నిలబడే చెప్పాను, మొదటి నంబరు, రెండో నంబరు, మూడో నంబరు, అన్నీ తప్పేనని. యంత్రం మూడు గంటల్లో పన్నెండు కట్టలు తెచ్చిందని, వాటిలో ఆరు పగిలిపోయాయని. మబ్బు వస్తోందని. చుక్కి సంగతి కూడా.

చుక్కి మాట వచ్చేసరికి లక్ష్మక్క చేతులు ఆగాయి. "ఆ ఆవు ఈనిన పొద్దు నేనే పక్కన ఉంటి," అంది తనలో తాను. తర్వాత నా వంక తేరిపార చూసింది.

"ముయ్యి రద్దు అంటివి. మళ్ళీ ముయ్యి కట్టల్లంటే నువ్వే కట్టల్ల. నారాయణప్పకు కాలు లేదు. ఎనిమిది ఇండ్లు, ఎనిమిది దినాలు. నువ్వు వచ్చి మోస్తావా?"

"మోస్తాను."

"డబ్బు ఇస్తాను, ఇంకొకరిని పంపుతాను అంటే కాదు."

"అనను."

"మిషను తెస్తాను అంటే అసలే కాదు."

"లక్ష్మక్కా, దాని మాట ఎత్తవద్దు."

"లేయండే," అంది ఆమె. ఎనిమిదిమందీ కొంగులు, తువ్వాళ్ళు దులుపుకుని లేచారు.

అయ్యా, ఆ తర్వాత నేను చూసింది ఏ కాలేజీలోనూ చెప్పరు. నేను గడ్డి మోతకు మూడు పేజీల ప్రణాళిక రాశాను, బాణాలు, డబ్బాలు, రంగులతో. లక్ష్మక్క చేనంతా ఒక్క చూపు చూసి, ఒక్క వాక్యం చెప్పింది. "దగ్గరిది ఎత్తు, పద." అంతే. తలమీద చుట్టకుదురు పెట్టుకుని, ఒకరు ఎత్తితే ఒకరు అందుకుని, చీమల బారులాగా వెళ్ళారు, వచ్చారు. కట్ట ఉత్తరం చూస్తుందా, నైరుతి చూస్తుందా అని ఎవరూ అడగలేదు. గట్టు అడ్డం వస్తే దాటారు. కాలవలోని కట్టలను ఇద్దరు దిగి పైకి తోశారు. కొట్టం తలుపు దగ్గర దించిన కట్ట దించినట్టే లోపలికి దొర్లిపోయింది. అప్పుడు తెలిసింది, కట్ట గుండ్రంగా ఎందుకుంటుందో.

నేనూ మోశాను. కాగితం మీద పంతొమ్మిది కిలోల రెండువందల గ్రాములు అని రాయడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. మెడమీద మాత్రం అది ప్రతి అడుగుకూ ఒక కిలో పెరిగింది. మూడో కట్టకు చొక్కా లోపలంతా దురద. ఐదో కట్టకు నా మెడ ఎక్కడుందో నాకే తెలియలేదు. నా పక్కనుంచి లక్ష్మక్క మూడుసార్లు దాటిపోయింది, కబుర్లు చెబుతూ.

"ఏమప్పా, బరువు ఎంత ఉండాదో చెప్పు," అందొకసారి.

"తెలీదు లక్ష్మక్కా."

"ఇప్పుడు తెలిసినట్టే."

రెండూ నలభైకి చేను ఖాళీ అయింది. చివరి కట్ట మునిరాజు తలమీద కొట్టంలోకి పోతుండగా మొదటి చినుకు అతని వీపున పడింది. అత్త తలుపు మూసి, గడియ పెట్టి, ఆ గడియనే కాసేపు పట్టుకుని నిలబడింది. చుక్కి పక్క కొట్టంలోంచి తల బయటపెట్టి వాన వంక చూస్తూ నెమరు వేస్తోంది. దాన్ని ఎవరూ ఎక్కడికీ తోలుకుపోలేదు, ఈ రోజుకీ అక్కడే ఉంది.

ఉదయం వండిన సంగటిని అత్త మళ్ళీ వేడిచేసింది. పదిమందికి వండింది పన్నెండుమంది తిన్నాం. లక్ష్మక్క చెయ్యి కడుక్కుంటూ మామతో అంది, "నీ అల్లుడు మంచోడే నారాయణప్పా. పని తెలీదు, అంతే. మంగళవారం మా చేలోకి పంపు."

నేను సోమ, మంగళవారాలు సెలవు పెట్టాను. మేనేజరుకు కారణం 'సైట్ విజిట్' అని రాశాను. ఎనిమిది ఇళ్ళకూ ఎనిమిది రోజులు మోసి తీర్చడానికి నాకు ఆ చలికాలమంతా పట్టింది. యంత్రం జిగణికి తిరిగి వెళ్ళింది. పానా పెట్టి విప్పుతూ సలీం భాయ్ ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడుతున్నాడో ఆయన భుజాలు చూస్తే తెలిసింది.

కావున, పాఠకుల సమక్షంలో, కుడిచెయ్యి ఎంతవరకు లేస్తుందో అంతవరకు ఎత్తి, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువునైనా మోసే యంత్రాన్ని ఎంచే ముందు, ఆ వస్తువును ఒకసారి నా తలమీద పెట్టుకుని ఆ దారంతా నడుస్తాను. ఒక మనిషి రెండిట్లో ఒకటి చెప్పమని అడిగితే, రెండిట్లో ఒకటే చెబుతాను. మనుషుల అవసరం లేదని ఏ గ్రూపులోనూ, ఏ నంబరు కిందా, ఈ జన్మలో రాయను.

ఇక లెక్క. ఎంతయినా అలవాటు పోదు కదా. మొత్తం కట్టలు నూట ఎనభై ఆరు. తలలమీద కొట్టంలోకి చేరినవి నూట డెబ్బై నాలుగు. అందులో మునిరాజు మోసినవి పంతొమ్మిది, ముయ్యివాళ్ళు తలా పద్దెనిమిది, నేను పదకొండు. వీటిలో తడిసింది ఒక్కటీ లేదు. యంత్రం తెచ్చినవాటిలో ఆరు వాకిట్లో పగిలిపడి ఉన్నాయి, ఆరు కొమ్ములకే వేలాడుతున్నాయి. వాటిమీద టార్పాలిన్ కప్పబోతే, కొమ్ములు దానికి ఆరు కన్నాలు పెట్టాయి.

యంత్రం మోసినవి పన్నెండు. తడిసినవి పన్నెండు.